సోమవారం సంతకం

నేను స్కూలుకు వెళ్ళే దారిలో ఫ్లెక్సీలు వేసే షాపు ఒకటుంది. పొద్దున షట్టరు ఎత్తగానే లోపలి నుంచి ఆ రంగుల వాసన రోడ్డు మీదికి వచ్చేస్తుంది. కొంత కిరోసిన్‌లా, కొంత తియ్యగా, గొంతుకు అడ్డం పడే వాసన. అప్పుడే మిషన్ నుంచి దిగిన ఫ్లెక్సీని బయట బల్ల మీద పరిచి ఉంచుతారు. ఒకరోజు ఎవరిదో పుట్టినరోజు, ఒకరోజు ఎవరిదో పెద్దకర్మ, ఒకరోజు ఎవరో నాయకుడికి స్వాగతం. పక్కనే ఇడ్లీ బండి దగ్గర జనం హాయిగా టిఫిను చేస్తుంటారు. నేను మాత్రం ఆ బల్ల వైపు చూడకుండా బండి వేగం పెంచి దాటిపోతాను.

మా తిరువూరు వైపు వాళ్ళకు ఫ్లెక్సీ అంటే ఎంత మోజో బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మనిషిని గౌరవించడమంటే మాకు ఫొటో వెయ్యడమే. వెయ్యకపోతే అలుగుతారు, చిన్నగా వేస్తే ఇంకా అలుగుతారు. ఫొటో ఉన్నవాళ్ళందరూ సభకు వస్తారని ఎవరూ అనుకోరు, రాలేదేమని ఎవరూ అడగరు. ఇది మాకు పుట్టుకతో తెలిసిన సంగతి. ఇది తెలియనివాళ్ళు కూడా ఈ దేశంలో ఉంటారని, అలాంటివాళ్ళ చేతిలో ఒక మనిషి బతుకు ఉండవచ్చని మాకు తట్టలేదు. ఆ మనిషి మా పాటల టీచరు గారు. ఆవిణ్ణి చూడనివాళ్ళకు ఆవిడ ఎలా ఉండేదో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు బియాక్ పార్. బర్మా దేశంలో, మన మిజోరం పక్కనుండే కొండల నుంచి వచ్చింది. మా నోళ్ళకు ఆ పేరు తిరగక పారమ్మ టీచర్ అయింది. ఊరి చివర మామిడి తోటల మధ్య ఒక పెద్దాయన చిన్న బైబిలు పాఠశాల నడిపేవాడు. అక్కడ చదువుకుంటూ మిగతా పిల్లలకు సంగీతం నేర్పడానికి, చదువుకునేవాళ్ళకిచ్చే వీసా మీద వచ్చింది. పొట్టి మనిషి, నలభైకి అటూ ఇటూ. మెడలో గొలుసు లేదు, చేతికి గాజులు లేవు. నడుముకు చుట్టుకునే నల్లటి నేత లుంగీ మీద ఎర్ర చారలుండేవి. తెలుగు సగం బైబిల్లో, సగం కూరగాయల మార్కెట్లో నేర్చుకుంది. అందుకని "నీవు దయగలదానవు, వంకాయలు ఎలా ఇస్తున్నావు?" అని అడిగితే కూరగాయలమ్మ నవ్వలేక చచ్చేది. చిన్నపిల్లల్ని కూడా అండి అనే పిలిచేది.

పెద్దాయన పోయాక ఆయన కొడుకులు పాఠశాల మూసేశారు. టీచరు గారిని మా చర్చి వాళ్ళు రాజుపేటలో ఒక గదిలో ఉంచారు. ఆదివారం సాయంత్రాలు మా గాయకబృందానికి నేర్పడం అప్పుడే మొదలుపెట్టింది. అప్పటిదాకా మేము పాడడమంటే అందరం కలిసి ఒకే వరసలో గొంతు చించుకోవడమే. అందులో నాది ముందుండే గొంతు. మైకు లేకపోయినా మధిర రోడ్డు దాకా వినపడేదని మా నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. టీచరు గారు అందర్నీ ఒక్కొక్కరిగా పాడించి విని, మమ్మల్ని నాలుగు గుంపులు చేసింది, ఒక్కో గుంపుకు ఒక్కో వరస, అన్నీ కలిస్తే ఒకే పాట. నన్ను కింది గొంతులో నిలబెట్టింది. పైన మెరిసే రాగం వేరేవాళ్ళకు ఇచ్చి, నాకు మాత్రం ఎత్తూపల్లమూ లేని ఒక వరస ఇచ్చింది. వండినవాళ్ళకు మాడు మిగిలినట్టు అయింది నాకు.

రెండు వారాలు మూతి ముడుచుకుని పాడాను. మూడోసారి కావాలనే గొంతెత్తాను. ఆవిడ చెయ్యెత్తి పాట ఆపింది. రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు మళ్ళీ మొదటి నుంచి పాడించింది. మళ్ళీ గొంతెత్తాను, మళ్ళీ ఆపింది. చివరికి నా పక్కకొచ్చి నిలబడి, నా ఒక్కదానికే వినపడేలా చెప్పింది.

"సునీత గారూ, పక్కవాళ్ళ పాట మీకు వినపడుతుందా అండి?"

లేదన్నాను.

"అది వినపడకపోతే మీరు పాడుతున్నట్టు కాదండి. అరుస్తున్నట్టు."

అంతమందిలో ఆ మాట ఎవరూ వినలేదు గానీ నాకు చెంపలు కాలిపోయాయి. అయినా ఆ సాయంత్రం మొదటిసారి నా గొంతు తగ్గించి పక్కనున్న అమ్మాయి గొంతు విన్నాను. ఆ పిల్ల అన్నేళ్ళుగా నా పక్కనే పాడుతోంది. అంత మంచి గొంతని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. "నీకిప్పుడు తెలిసిందా" అంది అమ్మ, గిన్నెలు తోముకుంటూ.

వీసా గడువు తీరిపోయిన సంగతి మాకెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఒకరిద్దరు నోరు మూసుకుని ఉండమని ఆవిడకు చెప్పారట. ఆవిడ వినలేదు. తన పాస్‌పోర్టు తీసుకుని తనే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, నా గడువు అయిపోయిందండి, నేను వెళ్ళలేనండి, ఏం చెయ్యాలండి అని అడిగింది. ఎస్సై గారు బిత్తరపోయాడు. గడువు మీరినవాళ్ళను వెతికి పట్టుకోవాలి గానీ, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని అడిగేవాళ్ళను ఆయన చూడలేదు. ఆ తర్వాత పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆవిణ్ణి దేశం నుంచి పంపించే వ్యవహారం తేలేదాకా తిరువూరు మండలం దాటకూడదు. ఉద్యోగం చెయ్యకూడదు. చర్చిలో పాడుకోవచ్చు గానీ ఎక్కడా మతప్రసంగాలు చెయ్యకూడదు. ప్రతి సోమవారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. వీటిలో ఏది తప్పినా పట్నంలో విదేశీయుల్ని ఉంచే చోటికి తీసుకుపోతారు.

అప్పుడు నాకింకా ఉద్యోగం రాలేదు. బీఎడ్ అయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి సోమవారం డ్యూటీ నాకు పడింది. నా స్కూటీ వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, దారి పొడుగునా సన్నగా పాడుతూ వచ్చేది. స్టేషన్ అరుగు మీద చెప్పులు విప్పేది. విప్పక్కర్లేదని కానిస్టేబుళ్ళు చెప్పినా విప్పేది. సంతకం పెట్టి, అక్కడున్న ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టి, "మళ్ళీ సోమవారం వస్తానండి" అని చుట్టాల ఇంటి నుంచి సెలవు తీసుకున్నట్టు చెప్పేది. కొన్నాళ్ళకు వాళ్ళే టీ తెప్పించడం మొదలుపెట్టారు. ఆవిడకు జ్వరం వచ్చిన సోమవారం నేను ఒక్కదాన్నే వెళ్ళి చెబితే, ఎస్సై గారు మనిషిని ఆవిడ గదికే పంపి సంతకం పెట్టించుకున్నాడు. మంచివాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఒకసారి తిరిగి వస్తూ, తెలంగాణ ఇక్కడికి దగ్గరేనట కదా, ఆ సరిహద్దు గీత ఎలా ఉంటుందని అడిగింది. గీతేమీ లేదు, బోర్డు ఉంటుంది, ఇటు పత్తిచేను, అటు పత్తిచేను, కూలికి పొద్దున అటు పోయి సాయంత్రం ఇటు వస్తామని చెప్పాను.  అప్పుడు ఆవిడ చెప్పింది, వాళ్ళ ఊరికీ మిజోరానికీ మధ్య ఒక ఏరు ఉందట. ఎండాకాలం మోకాలు లోతు కూడా ఉండదట. చిన్నప్పుడు అమ్మతో కలిసి లుంగీ ఎగ్గట్టుకుని ఏరు దాటి, ఇవతలి సంతలో ఉప్పు కొనుక్కుని వెళ్ళేవాళ్ళట. "ఉప్పుకి వీసా లేదండి అప్పుడు" అంది.

ఎందుకు వెళ్ళలేదో మాత్రం ఆవకాయల రోజుల్లో చెప్పింది. మా పెరట్లో అమ్మ కాయలు కొట్టిస్తోంది. టీచరు గారు, నేను ముక్కలు గుడ్డతో తుడుస్తున్నాం. విస్సన్నపేట నుంచి తెప్పించిన కాయలు, పులుపు వాసనకే పళ్ళు జివ్వుమంటున్నాయి. టీచరు గారి తమ్ముడు బడిపంతులట. సైన్యం గద్దెనెక్కాక వాళ్ళ కింద పాఠం చెప్పనని బడి మానేశాడట. సైనికులు ఇంటికొచ్చి ఇంటిల్లిపాది పేర్లూ రాసుకుపోయారు. మళ్ళీ వచ్చినప్పుడు ఇల్లు కాల్చారు, వీధి చివరి చర్చి కాల్చారు. వాళ్ళమ్మ అడవిలో దాక్కుని జ్వరంతో పోయింది. తమ్ముడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ పేర్లలో తన పేరు కూడా ఉంది. ఇదంతా గొంతు మారకుండా చెప్పింది. చేతిలో ముక్క మాత్రం తుడిచిందే తుడుస్తోంది. మా అమ్మ ఆ ముక్క ఆవిడ చేతిలోంచి తీసుకుని గిన్నెలో వేసి, లోపలికి వెళ్ళి ఏడ్చింది.

విజయవాడలో ఒక లాయరు గారు డబ్బు ముట్టుకోకుండా కేసు వేశారు. వాళ్ళ దేశం నెమ్మదించేదాకా పంపకుండా ఆపమని కోర్టును అడగడం. కేసు తీసుకున్నారు గానీ విచారణ తేదీ దూరంగా పడింది. అప్పటిదాకా ఒక్క షరతు కూడా తప్పకుండా ఉంటే కోర్టుకు నమ్మకం కలుగుతుందని ఆయన గట్టిగా చెప్పారు. ఆవిడ ఎంత జాగ్రత్తగా ఉండేదంటే, మండలం హద్దు ఎక్కడో తెలుసుకుని అటువైపు నడకకు కూడా వెళ్ళేది కాదు.

ఆ డిసెంబరులో వినగడప చర్చి వాళ్ళు పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్ పెట్టుకుని మా బృందాన్ని పాడమని పిలిచారు. వినగడప గంపలగూడెం మండలం. టీచరు గారు రాలేనంది, వాళ్ళూ అర్థం చేసుకున్నారు. మమ్మల్ని మాత్రం నెల రోజులు సాధన చేయించింది. మా సంఘపెద్ద ప్రకాశరావు బాబాయ్ అత్తగారి ఊరు వినగడప. ఆయనకు టీచరు గారంటే ప్రాణం. ఊళ్ళో ఎవరింట్లో పండగైనా ముందు ఆవిడకు క్యారియర్ పంపించేవాడు. ఫ్లెక్సీ వేయించే పని ఆయనదే. బృందం ఫొటోలోంచి ఆవిడ ముఖం కత్తిరించి షాపుకు పంపాడు. రాని మనిషి ఫొటో దేనికని వాళ్ళావిడ అడిగిందట.

"రాకపోతే ఏంటి? ఫొటో అన్నా ఉండాలిగా. లేకపోతే ఆవిణ్ణి మనం లెక్కచెయ్యనట్టు ఉంటుంది" అన్నాడట.

షాపువాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఒట్టి ముఖం బాగోదని, వాళ్ళ కంప్యూటర్లో ఉన్న ఎవరిదో ఒంటికి తగిలించారు. మెరూన్ పట్టుచీర, చేతిలో మైకు. కింద ఆవిడ పేరు, "ముఖ్య అతిథి, మయన్మార్ దేశపు సువార్తికురాలు" అని పెద్ద అక్షరాలు. మేము పాడడానికి వెళ్ళినప్పుడు వేదిక పక్కన అది చూశాను. పావురాల మధ్య, బుగ్గలు తెల్లగా చేసి, పట్టుచీరలో మా టీచరు గారు. అందరం నవ్వుకున్నాం. ఆవిడకు వచ్చి చెప్పాలనుకున్నాం. ఆ రాత్రి బాగా పాడాం, మనస్ఫూర్తిగా సంతోషపడ్డాం. సభకు వచ్చినవాళ్ళు ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నారు.

ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు. ఎక్కడో ఒక ఆఫీసులో ఒకాయన ముందు మాత్రం చేరింది. మండలం దాటకూడని విదేశీయురాలు వేరే మండలంలో మైకు పట్టుకుని మతప్రచారం చేస్తున్నట్టు ఆయనకు కనపడింది. కనపడదా మరి! నేనైనా ఆయన కుర్చీలో ఉంటే అదే అనుకునేదాన్ని. ఆ సోమవారం మేము స్టేషన్‌కు వెళ్ళేసరికి టీ రాలేదు. ఎస్సై గారు టీచరు గారిని కూర్చోమని నన్ను బయటికి పిలిచాడు.

"ఆవిడ ఆ రోజు ఊళ్ళోనే ఉందని నాకు తెలుసమ్మా. అదే రాసి పంపాను. అయినా ఆర్డరు వచ్చేసింది."

పట్నం తీసుకెళ్ళే పోలీసు బండి అప్పటికే సిద్ధంగా ఉంది. టీచరు గారు లేచి, ఎప్పటిలాగే సంతకం పెట్టింది. ఎప్పటిలాగే అందరికీ నమస్కారం పెట్టింది. మళ్ళీ సోమవారం వస్తానండి అనే మాట దగ్గర ఆగిపోయింది. పక్కనున్న ఆడ కానిస్టేబులు తల తిప్పుకుంది. అరుగు దిగి చెప్పులు వేసుకుంటుంటే నేను వంగి పట్టీ పెట్టాను.

మంచికి పోతే చెడు ఎదురైందని ఊరంతా అనుకున్నారు. ప్రకాశరావు బాబాయ్ మంచం పట్టాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు, అదే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ ఫ్లెక్సీ తెచ్చి పెరట్లో ముక్కలు చేశాడట. లాయరు గారు ఎక్కడెక్కడో తిరిగి చూడ్డానికి అనుమతి తెచ్చాక, బాబాయ్ నేనూ వస్తానన్నాడు. ఇద్దరం రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్ళాం. ఆయన ఏమి చెప్పాలో పెదాలతోనే అనుకుంటూ ఉన్నాడు.

అది జైలు కాదని గేటు దగ్గరే చెప్పారు. తాళం మాత్రం ఉంది. ఇనప జాలీ అవతల టీచరు గారు అదే లుంగీలో వచ్చి కూర్చుంది. బాగా చిక్కిపోయింది. అమ్మకు నడుంనొప్పి తగ్గిందా అంది, బృందం పాడుతోందా అంది. లోపల ఒక ఆఫ్రికా ఆవిడ ఉందట, కింది గొంతు చాలా బాగుంటుందట, మీకు వినిపించాలండి అంది. బాబాయ్ దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. జాలీ పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ నాకేసి తిరిగి అడిగింది.

"నేను చూడలేదండి ఆ ఫొటో. బాగున్నానా?"

 పట్టుచీర కట్టించారు మీకు, అన్నాను.

"ఏం రంగండి?"

మెరూన్ అని చెప్పాను. ఆవిడ నవ్వింది. నేనెప్పుడూ చీర కట్టలేదండి, ఆ రంగు నాకు నప్పుతుందా అంది. నప్పిందన్నాను. అప్పుడు బాబాయ్ వేళ్ళ మీద జాలీలోంచి తన వేలు ఆనించి, "అన్నగారూ, నా దేశంలో నా పేరు కాల్చడానికి రాసుకున్నారండి. మీరు మర్యాద చెయ్యడానికి రాశారు" అంది. టైం అయిపోయిందని వచ్చి తీసుకెళ్ళారు. 

కోర్టుకు సెలవులు ఉన్న రోజుల్లోనే ఆవిణ్ణి పంపించేశారు. లాయరు గారికి తెలిసేసరికి అయిపోయింది. ఈశాన్యం వైపు తీసుకెళ్ళి సరిహద్దు దాటించారని మాత్రం చెప్పారు. చిన్నప్పుడు ఉప్పు కోసం దాటిన ఏరేనా, వేరే చోటా, నాకు తెలియదు. ఆవిడ నంబరుకు ఫోన్ చేస్తే మొదట్లో ఏదో భాషలో ఒక ఆడగొంతు రికార్డు వినిపించేది. తర్వాత అదీ లేదు.

విచారణ తేదీ మాత్రం వచ్చింది. మనిషి లేకపోయినా కేసు ఉంది కదా. వెళ్ళి చేసేదేమీ లేదని లాయరు గారు చెప్పినా, నేను వెళ్ళాను. ఆయన పాసు ఇప్పిస్తే వెనక బెంచీ మీద కూర్చున్నాను. మా వంతు వచ్చినప్పుడు గుమాస్తా ఆవిడ పేరు చదివాడు. తప్పుగానే చదివాడు. ఆ పేరు వినగానే నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. లాయరు గారు కూర్చోమని చెయ్యి ఊపుతున్నారు. జడ్జి గారు కళ్ళద్దాల మీంచి చూసి, మీరేనా అమ్మా అని తెలుగులోనే అడిగారు.

"కాదండి. నేను ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నాను."

"ఆవిడ ఏరి?"

నా గొంతు, మధిర రోడ్డు దాకా వినపడే గొంతు, ఆ గదిలో నాకే వినపడలేదు. లాయరు గారు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. జడ్జి గారు పెన్ను పట్టుకుని ఏదో రాశారు. పిటిషనరే దేశంలో లేరు కాబట్టి కేసు మూసేశారని లాయరు గారు బయటికొచ్చాక చెప్పారు. లోపల అప్పటికే ఇంకో పేరు పిలుస్తున్నారు.

ఆ ఎండాకాలం తర్వాత నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు ఒక పేరుకు పలుకు రాకపోతే గీత గీసేసి ముందుకు పోవడం నాకు చేతకాదు. ఏదీ ఆ పిల్ల అని అడుగుతాను. ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగుతాను. జ్వరమండి. పత్తి తియ్యడానికి వెళ్ళిందండి. వాళ్ళమ్మకు బాలేదండి. ఎవరికీ తెలియకపోతే బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళి చూసి వస్తాను. నీ పీరియడంతా హాజరుకే సరిపోతుందని తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. పట్టించనీ. ఏదీ అని అడిగితే ఇక్కడుందని చెప్పే మనిషి ప్రతి పేరుకూ ఒకరుండాలి. బియాక్ పార్ ఏదీ అంటే చెప్పగలవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు.